దసరా నాటకాలకు ఆన్‌లైన్‌ల ప్రచారం ఎట్ల చేయాలె? నల్లగొండ చిన్న నాటక సంస్థకు సలహాలు కావాలె

చిరుతల_బృందం (నల్లగొండ) – ఆదివారం రాత్రి 9:12

అందరికి నమస్తే. మాది నల్లగొండల ఒక చిన్న నాటక సంస్థ. గ్రాంటు లేదు, పెద్ద స్పాన్సరు లేడు. ఆటో నడిపేటోళ్లు, టీచర్లు, ఒక నర్సమ్మ, డిగ్రీ చదివే పిల్లలు, ఇద్దరు రైతులు. ఇదీ మా బలగం. ఈసారి దసరా సెలవుల్ల మూడు రాత్రులు ఆటలు పెడుతున్నం. మొదటిది చిరుతల రామాయణంల (చేతుల చెక్క చిరుతలు వాయించుకుంట ఆడిపాడే ఆట) లంకాదహనం. రెండోది మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ల మీద మేమే రాసుకున్న నాటకం. మూడోది పాలమూరు వలస మీద.

నిరుడు ఫేస్‌బుక్‌ల పోస్టరు పెడితే లైకులు మస్తు వచ్చినయి, 'ఆల్ ది బెస్ట్ అన్నా' అని కామెంట్లు వచ్చినయి. ఆట నాడు కుర్చీలు సగం ఖాళీ. కూసున్నోళ్లల్ల కూడ ఎక్కువ మంది నటుల చుట్టాలే. చూసినోళ్లు మాత్రం ఆట అయినంక లేవలేదు, మాతోని మాట్లాడుకుంట నిలబడ్డరు. 'ఇట్లుంటదని తెలిస్తే మా అమ్మను పట్కొస్తుంటిమి' అని ఒకామె అన్నది. ఆ అమ్మదాక మాట ఎట్ల పోవాలె అన్నదే నా ప్రశ్న. యాడ్‌కు డబ్బులు పెట్టాల్నా, రీల్స్ చేయాల్నా, లైవ్ ఇయ్యాల్నా, టికెట్టు పెట్టాల్నా? చేసి చూసినోళ్లు చెప్పండి.

ఫ్లెక్సీ_తమ్ముడు (సూర్యాపేట) – ఆదివారం రాత్రి 9:50

అన్నా, నిరుటి పోస్టరు నేను చూసిన. ఉన్నదున్నట్టు చెప్తున్న, ఏమనుకోకు. పైన అతిథుల ఫొటోలు, నడుమ సంస్థ గుర్తు, కింద చీమ తలకాయంత అక్షరాల్ల తేదీ, జాగా. ఫోన్‌ల చూసేటోడు వేళ్లతోని పెద్దగ చేసుకుంటే గని కనబడది. అంత ఓపిక ఎవ్వరికి ఉంటది?

మనోళ్లు సంగతులు తెల్సుకునేది వాట్సప్‌ల. అండ్ల బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మందిని ఎక్కియ్యొచ్చు. కని నీ నంబరు వాళ్ల ఫోన్‌ల సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతది, లేకుంటే పోదు. అందుకే రిహార్సల్ చూడొచ్చినోళ్లతోని ఇప్పటిసంది నంబరు సేవ్ చేపియ్యి. ఇంక చేతులు మారి మారి వచ్చిన మెసేజ్‌కు రెండు బాణాల గుర్తు పడ్తది. అది పడ్డంక ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తది. కాబట్టి ఒక్క పోస్టరే ఊర్లన్ని తిరిగొస్తదని నమ్ముకోవద్దు.

నటులు ఒక్కొక్కలు వాళ్ల ఊరి గ్రూపుల, పదో తరగతి బ్యాచు గ్రూపుల సొంతంగ చెప్పాలె. 'నేను ఈసారి హనుమంతుని వేషం కడ్తున్న, మీరంత రావాలె' అని వాళ్ల గొంతుతోని చిన్న వాయిస్ పెడితే చాలు. పోస్టరు చూసి కదలనోడు దోస్తు పిలిస్తే కదుల్తడు. తేదీ పక్కన వారం, సంవత్సరం కూడ రాయి. పాత పోస్టర్లు ఏండ్లకేండ్లు తిరుగుతనే ఉంటయి, అదే అనుకొని జనం పట్టించుకోరు.

తెరవెనక (హైదరాబాద్, నాటక విద్యార్థి) – ఆదివారం రాత్రి 10:31

అన్నా, నేను ఇక్కడి బృందాలకు ప్రచారం పని చేస్తుంటాను. ఒక తేడా ముందు చెప్పాలి. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో 2010 నుంచి ఏదో ఒక కార్యక్రమం జరుగుతూనే ఉంది. కాబట్టి ఇవాళ ఏముందో జనమే వెతుక్కుంటారు. మీ దగ్గర ఆ అలవాటు ఇంకా పడలేదు. మీరే వెళ్లి పిలవాలి.

రీల్స్ తప్పకుండా చేయండి, కానీ సినిమా పాట పెట్టకండి. మీ పేజీ బిజినెస్ అకౌంట్ అయితే చాలా పాటలు అసలు కనిపించవు. సినిమా పాట ఉన్న రీల్‌ను డబ్బు కట్టి ప్రమోట్ చేయబోయినా ఒప్పుకోదు. హార్మోనియం, డప్పు, చిరుతల చప్పుడు మీ దగ్గరే ఉన్నాయి. వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

యాడ్ విషయం. జిల్లా మొత్తాన్నీ ఎంచుకోవద్దు. మ్యాప్‌లో ఆట జరిగే చోట పిన్ పెట్టి, బండి మీద రాగలిగినంత దూరం చుట్టూ గీయండి. ఆటకు రెండు మూడు రోజుల ముందు పెడితేనే పని చేస్తుంది, నెల ముందు చూసినవాళ్లు మరిచిపోతారు. మీరు పెట్టే డబ్బు మీద 18 శాతం జీఎస్టీ అదనంగా పడుతుందని లెక్కలో రాసుకోండి. కొద్ది డబ్బే ఉంటే నాటకం మొత్తానికి ఒక యాడ్ వద్దు, ఒక్క మంచి వీడియో మీదే పెట్టండి.

చిరుతల_బృందం – సోమవారం ఉదయం 6:40

తమ్మీ, మంచి వీడియో అంటే ఎట్లుండాలె? ఒకటి ఉన్నది, చెప్త విను. మా హనుమంతుడు పొద్దంత ఆటో నడిపి మాపటికి రిహార్సల్‌కు వస్తడు. ఖాకీ అంగి మీదనే నడుముకు తోక కట్టుకుంటడు. పాత చీరపేలికల గడ్డి కుక్కి, పురికోసతోని చుట్టిన తోక అది. గజ్జెలు కట్టేటప్పుడు మాత్రం ఎవ్వరితోని మాట్లాడడు. కండ్లకద్దుకొని, ఒక్కొక్క వరుస చేతితోని సదురుకుంట కట్టుకుంటడు. మొన్న మా డిగ్రీ పిల్ల అది ఫోన్‌ల తీసింది. ఎనక హార్మోనియం శ్రుతి చూసుకునే చప్పుడు, ఎవరివో చిరుతలు కింద పడ్డ చప్పుడు అన్ని అండ్ల వచ్చినయి. బయటి ఆటో లైటు వెల్తురు తప్ప వేరే వెల్తురు లేదు. పూర్తి వేషం కట్టినంక స్టూడియోల తీపిద్దామని మావోళ్లు అంటున్నరు.

తెరవెనక – సోమవారం ఉదయం 8:05

స్టూడియో వద్దన్నా, అదే పెట్టండి! గజ్జెల దగ్గర మొదలుపెట్టండి, మొహం తర్వాత చూపించండి. చివర ఆయన కెమెరా వైపు చూసి తన ఊరి పేరు, ఏ స్టాండులో ఆటో పెడతాడో చెప్పాలి. చాలామంది ఫోన్ సౌండు తీసేసి చూస్తారు కాబట్టి మాటలు తెర మీద తెలుగు అక్షరాల్లో వేయండి. ఆయన ఆటో ఎక్కేవాళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచించండి. వాళ్లందరికీ రేపటి నుంచి ఆయన హనుమంతుడే.

రిటైర్డు_పంతులు (తుంగతుర్తి) – సోమవారం మధ్యాహ్నం 3:20

నాయనా, మీ చర్చ చదివి చాలా సంతోషించాను. మన జిల్లాకు ఈ విద్య కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాట కవి సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీని ఎందుకు పట్టుకున్నాడు? అది అప్పటికే జనం చెవిలో ఉన్నది గనుక. తెలిసిన వరస వినబడితే మనుషులు పనులు ఆపి వచ్చేవారు, వచ్చిన తర్వాత పోరాటం మాట చెప్పేవాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన 'మాభూమి'ని ప్రజానాట్యమండలి ఆడినప్పుడు జనం తండోపతండాలుగా వచ్చారంటే, అందులో ఉన్నది తెలంగాణ రైతు గోస గనుక. మీ ఫ్లోరైడు నాటకానికి 'సామాజిక స్పృహ గల నాటిక' అని రాస్తే ఎవరూ రారు. మర్రిగూడ, నాంపల్లి అని ఊర్ల పేర్లు రాయండి. బోరు నీళ్లు తాగి పండ్లు పసుపుపచ్చగా మారి, మోకాళ్లు వంకరపోయినవాళ్ల కథ అని సూటిగా చెప్పండి. అది తన ఇంటి కథ అని తెలిసినవాడు మనవణ్ని చెయ్యి పట్టుకొని తీసుకొస్తాడు.

ఇంకొక మాట. ఊళ్లో చిరుతల రామాయణం ఆడితే నడుమ ఆట ఆపి చదివింపులు చదివేవారు. ఫలానా వారి అల్లుడు సీతమ్మ వేషానికి చీర పెట్టినాడని మైకులో చెప్పేవారు. ఆ పేరు వినడానికి బంధువులందరూ తెల్లవార్లూ కూచునేవారు. మీరు ఆన్‌లైన్‌లో అదే చేయవచ్చు. పరదా గుడ్డ ఇచ్చినవారు, కుర్చీలు ఇచ్చినవారు, రిహార్సల్‌కు గది ఇచ్చినవారు – ఒక్కొక్కరికీ ఒక ఫొటో, నాలుగు వాక్యాలు. అందరినీ కలిపి ఒకే పోస్టులో కృతజ్ఞతలు అనేసి వదిలేయవద్దు. ఎవరి పోస్టు వారు తమవారికి చూపించుకుంటారు.

పూలసింగిడి (మిర్యాలగూడ) – సోమవారం సాయంత్రం 5:15

అన్నా, అన్ని చెప్తున్నరు గని తేదీల సంగతి ఎవ్వరు అడుగుతలేరు. ఎంగిలిపూల నుంచి సద్దులదాక తొమ్మిది దినాలు మాపటికి ఆడోళ్లం బతుకమ్మ కాడనే ఉంటం. నీళ్లల్ల వేసి, ఫలారాలు పంచుకొని ఇంటికొచ్చేసరికి ఎంతయితదో మీకు తెల్వంది కాదు. ఏడు గంటలకు నాటకం అంటే ఆడోళ్లు రావద్దనే లెక్క. ఆడోళ్లు రాకుంటే పిల్లలు రారు, ముసలోళ్లు రారు.

నడుమ ఆరో రోజు అలిగిన బతుకమ్మ ఉంటది. ఆ దినం బతుకమ్మను పేర్చం, ఆడం. మాపంత ఖాళీ. చిరుతల రామాయణం ఆ రాత్రి పెట్టుండ్రి, మా గ్రూపుల మొత్తం నేను చెప్త. మిగిలిన రెండు ఆటలు దసరా అయినంక రెండు రోజులకు పెట్టుండ్రి. దసరా నాడు జమ్మి, అలాయ్ బలాయ్, చుట్టాలు, ఎవ్వరు కదలరు. ఆ తెల్లారి నుంచి హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలు ఇంకా ఊర్లనే ఉంటరు, ఏం చేయాల్నో తోచక ఫోన్లు పట్కొని కూసుంటరు. వాళ్లను పట్టుకోండి.

మైక్‌సెట్ (దేవరకొండ) – సోమవారం రాత్రి 8:44

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దానికి మైకు సంగతి కలపండి. రాత్రి 10 నుంచి పొద్దుగాల 6 దాక బయట మైకు పెట్టొద్దని 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నియమాలల్ల ఉన్నది. పండుగలకు అర్ధరాత్రి 12 దాక సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది గని, అది ఏడాదికి మొత్తం 15 దినాలకు మించొద్దు. మీ తేదీలు అండ్ల ఉన్నయా లేవా అని ముందుగాల పోలీసులను అడిగి రాతపూర్వకంగ తీసుకోండి. నాలుగు గోడల నడుమ ఉన్న హాలైతే, చప్పుడు లోపలికే ఉంటే, ఆ పది గంటల నిషేధం వర్తించది. బతుకమ్మ సీజన్‌ల ఆలస్యంగ మొదలుపెట్టే ఆటకు హాలే నయం.

ఇది ప్రచారానికి కూడ సంబంధమున్న మాటే. ఆట ఎన్నింటికి మొదలైతదో అందరు రాస్తరు, ఎన్నింటికి అయిపోతదో ఎవ్వరు రాయరు. ఊరికి పోవాల్సినోడు అడిగే మొదటి ప్రశ్న అదే. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్ల ఆడోళ్లకు ప్రయాణం ఉచితం. వచ్చేటందుకు ఖర్చు లేదు, తిరిగి పోయేటందుకు బస్సు ఉంటదో లేదో తెల్వక ఆగుతరు. మునుగోడు, నకిరేకల్, దేవరకొండ రూట్లకు ఆఖరి బస్సు ఎన్నింటికో డిపోల అడిగి పోస్టుల రాయండి.

పాలమూరు_బస్సు (ముంబయి, ఊరు నారాయణపేట దిక్కు) – సోమవారం రాత్రి 11:02

అన్నా, మూడో రాత్రి ఆట మా మీదనే అంటున్నవ్. మేము సూసేదెట్ల? నేను ఇక్కడ బిల్డింగు పనిల ఉన్న. మా నాయన గిదే పనికి వచ్చిండు, నేను వచ్చిన. దసరాకు అందరికి సెలవు దొరకది. దర్శనం మొగులయ్య కిన్నెరకు 2022ల పద్మశ్రీ వచ్చినప్పుడు, మా దామరగిద్ద దాసరి కొండప్ప బుర్రవీణకు 2024ల వచ్చినప్పుడు మా గదులల్ల అందరి ఫోన్లల్ల వాళ్ల పాటనే. మనది అనుకున్నది ఏడున్నా సూస్తం.

లైవ్ పెట్టుండ్రి. మేము ఇక్కడ సూస్తే, ఊర్ల ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి 'మన గురించి ఆడుతున్నరంట, పోయి సూడు' అని చెప్పేది కూడ మేమే. వలసపోయినోనికి వాని కథ సూపియ్యకుంటే ఆ ఆట ఎవ్వరి కోసం?

గద్వాల_అక్క – మంగళవారం ఉదయం 7:30

తమ్ముడూ, నీ మాటకు కడుపుల దేవినట్టయింది. అయినా మొత్తం ఆట లైవ్ వద్దని నేనంట. చూసేటోళ్లు ఎదురుంగ కూసుంటేనే నాటకం. ఫోన్‌ల వస్తదని తెలిస్తే నల్లగొండల ఉన్నోడు కూడ ఇంట్లనే కూసుంటడు. చిన్న సంస్థకు ఖాళీ కుర్చీ కన్న పెద్ద దెబ్బ లేదు. ఎదుట మనుషులు లేకుంటే నటుని గొంతు లేవది.

ఇంకో సంగతి ఉన్నది, ఇది మగోళ్లు పట్టించుకోరు. మా బృందంల ఆడపిల్లలు వేషం వేస్తరు. ఒక వీడియోల నుంచి పది సెకన్లు కోసి, వేరే పాట తగిలిచ్చి, పాడు మాటలు రాసి తిప్పిండ్రు. ఆ పిల్ల ఇంట్ల వాళ్లు మళ్ల పంపమన్నరు. మేమంత పోయి, తల్లిదండ్రులతోని కూసోని మాట్లాడి ఒప్పిచ్చుకున్నం. అందుకని నటులల్ల ఎవ్వరి వీడియో పెట్టాలన్నా, ముఖ్యంగ ఆడపిల్లలది, ముందుగాల వాళ్లకు చూపెట్టి ఒప్పుకుంటేనే పెట్టండి. కామెంట్లల్ల తిట్లు కనబడకుంట మాటలను వడగట్టే సెట్టింగు ఉంటది, అది వేసుకోండి. పేజీ చూసే పని ఒక్కరికి అప్పజెప్పండి, రాత్రి పడుకునే ముందు ఒక్కసారన్న కామెంట్లు చూడాలె.

లైవ్‌కు నా మాట ఇది: మూడో ఆట ఒక్కటే, అది కూడ మంచిగ రికార్డు చేసి, వారం రోజులయినంక పెట్టండి.

పాలమూరు_బస్సు – మంగళవారం ఉదయం 8:10

వారం రోజులైతే ఏం పర్వలేదక్కా. ఆదివారం పెట్టుండ్రి, అప్పుడైతే అందరం గదుల్ల ఉంటం. చప్పుడు మంచిగ ఇనబడాలె, గదొక్కటి సూడుండ్రి.

మైక్‌సెట్ – మంగళవారం ఉదయం 9:25

చప్పుడు నా మీద వదిలేయ్ తమ్మీ. ఎనక కుర్చీల ఫోన్ పెట్టి తీస్తే దగ్గులు, పిల్లల ఏడుపులు తప్ప మాట రాదు. మిక్సర్ నుంచి వైరు తీసి రికార్డరుకు నేరుగ ఇయ్యాలె. వీడియో వేరే, ఆడియో వేరే తీసి తర్వాత కలపాలె. తెర లేచే ముందు ఒక్క చప్పట కొట్టి రెండింటిల రికార్డు చేయండి, కలిపేటోనికి అదే గుర్తు. ఆట మొదలుగాకముందు హాల్ల సినిమా పాటలు వేస్తరు సూడు, అది రికార్డుల పడితే యూట్యూబ్‌ల కాపీరైట్ క్లెయిమ్ వస్తది. ఆ పాటలు బంద్ పెట్టి డప్పు కొట్టిపియ్యండి.

ఎన్నడన్న ఫోన్ నుంచి లైవ్ ఇయ్యాలనుకుంటే ఛానెల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలె. మొదటిసారి లైవ్ ఆన్ చేస్తే తెరుచుకునేసరికి 24 గంటలదాక పట్టొచ్చు. ఆట నాడు మొదలుపెడితే కాదు.

లెక్కలోడు (మహబూబ్‌నగర్) – మంగళవారం మధ్యాహ్నం 1:15

టికెట్టు సంగతి ఎవరూ చెప్పలేదు. పెట్టండి అంటాను. నాటకం టికెట్టు మనిషికి 500 రూపాయలు దాటనంతవరకు జీఎస్టీ లేదు, కాబట్టి ఆ భయం వద్దు. 50 రూపాయలైనా ఇచ్చి పేరు రాయించుకున్నవాడు వస్తాడు, ఉచితం అంటే వచ్చేదీ రానిదీ వానచినుకు మీద ఆధారపడుతుంది. పైసలు లేనివాళ్లను గేటు దగ్గర ఆపవద్దు, పిల్లలకు, ముసలివాళ్లకు ఉచితమని ముందే రాయండి.

క్యూఆర్ కోడ్ పెడితే అది సంస్థ ఖాతాది కావాలి, ఎవరి సొంత ఖాతాదీ కావద్దు. స్కాన్ చేయగానే పేరు ఏమని వస్తుందో పోస్టులో రాయండి. గేటు దగ్గర అతికించిన కోడ్ మీద వేరేవాళ్లు ఇంకో కాగితం అంటించే మోసాలు ఉన్నాయి, గంటకోసారి చూసుకోండి. ఆటలు అయిపోయాక జమా ఖర్చులు అదే పేజీలో పెట్టండి. వచ్చే ఏడు అడగకుండానే ఇస్తారు.

చిరుతల_బృందం – మంగళవారం రాత్రి 10:20

అందరికి దండాలు. రాత్రి బృందమంత కూసోని మీ మాటలన్ని చదివినం. పూలసింగిడి అక్క చెప్పినట్టు మొదటి ఆట అలిగిన బతుకమ్మ నాటికి జరిపినం. మిగిలినయి దసరా అయినంకనే. హాలోళ్లతోని మాట్లాడినం, దొరికింది. గజ్జెల వీడియో రేపు పెడుతున్నం, మా హనుమంతునికి చూపెట్టినం, ఒప్పుకున్నడు. వలస ఆట రికార్డు చేసి తర్వాతి ఆదివారం పెడ్తం.

మొదటి ఆటకు గ్రూపులల్ల పంపే మాట ఇట్ల రాసినం, చూడండి:

'నల్లగొండల చిరుతల రామాయణం. లంకాదహనం ఘట్టం. అలిగిన బతుకమ్మ నాటి రాత్రి 7 గంటలకు మొదలు, 9:15కు అయిపోతది. హనుమంతుని వేషంల మన ఆటో అన్న, సీతమ్మ వేషంల మన దవాఖాన నర్సమ్మ. టికెట్టు 50, పిల్లలకు, పెద్దమనుషులకు ఉచితం. ఇంటిల్లిపాది రాండ్రి.'

ఫ్లెక్సీ_తమ్ముడు – మంగళవారం రాత్రి 10:41

మంచిగున్నది అన్నా. 'అలిగిన బతుకమ్మ నాడు' అని ఉంచుకుంటనే తేదీ, వారం, సంవత్సరం కూడ పెట్టు, పోరలకు తిథులు తెల్వయి. హాలు పేరు పక్కన మ్యాప్ లింకు. కొత్త పోస్టరు నేను చేసిస్త, పైసలు వద్దు. అండ్ల ఒక్కటే బొమ్మ ఉంటది, గజ్జెల కాళ్లు. అతిథుల ఫొటోలు మాత్రం పెట్టనియ్య.

పూలసింగిడి – బుధవారం ఉదయం 6:55

అన్నా, మా గ్రూపుల చెప్తే ముందుగాల అడిగింది ఒక్కటే. ఆడోళ్లకు బాత్రూములు ఉన్నయా, నీళ్లొస్తయా, లైటు ఉంటదా? ఇద్దరు బాలింతలు కూడ వస్తమంటున్నరు.

చిరుతల_బృందం – బుధవారం ఉదయం 7:20

ఉన్నయక్కా, రెండు. నిన్న తలుపుల గొళ్లేలు చూసొచ్చినం, ఒకటి ఊడిపోయింది, ఇయ్యాల పెట్టిస్తున్నం. నీళ్ల ట్యాంకు ఆట రోజు పొద్దుగాలనే నింపుతరు. బాలింతలకు మేకప్ గది పక్కన చిన్న గది ఖాళీ చేసి చాప, ఫ్యాను పెడ్తం. ఇది కూడ మెసేజ్‌ల రాస్తున్నం, మీ గ్రూపుల పంపుండ్రి.